రాయుడికి ఇల్లు అప్పగించడం

ఇంట్లో కుక్కని పెంచే వాళ్ళందరికీ ఎప్పుడో ఒకరోజు ఈ ప్రశ్న ఎదురవుతుంది. అందరం బయటికి వెళ్ళాలి. తలుపుకి తాళం పడుతుంది. లోపల అది ఒక్కటే ఉంటుంది. కట్టేసి వెళ్ళాలా, ఒక మూల పెట్టి వెళ్ళాలా, లేక ఇల్లంతా వదిలేసి వెళ్ళిపోవచ్చా? వదిలేయొచ్చు అనుకుంటే ఏ రోజు నుంచి? వినడానికి చిన్న విషయమే. మా ఇంట్లో మాత్రం దీని మీద సంక్రాంతి నుంచి ఉగాది దాకా వాదన నడిచింది. నాన్నది ఒక మాట, అమ్మది ఒక మాట, నాన్నమ్మది అసలు వేరే పార్టీ. ఇంజనీరింగ్ చదువుతున్నాను కదా, దేనికైనా ఒక లెక్క ఉండకపోదని నా నమ్మకం.

ముందు మనవాడి పరిచయం. నిరుడు ఆగస్టు వానల్లో కూర్మన్నపాలెంలో మా సందు చివర కల్వర్టు కింద దొరికాడు. అప్పటికి రెండు నెలలు ఉంటాయేమో. అచ్చం మామిడి తాండ్ర రంగు. అందుకని నేను తాండ్ర అన్నాను. మా నాన్న ఊరుకుంటాడా, బొబ్బిలి పక్క మనిషి! "తాండ్ర అంటే సగం పేరేరా, పూర్తిగా పిలు" అని తాండ్ర పాపారాయుడు అని పెట్టాడు. 1757 యుద్ధంలో బొబ్బిలి వీరుడి పేరు మోస్తున్న మా వాడు మిక్సీ ఆన్ చేస్తే మంచం కిందకి దూరతాడు. వాడుకలో రాయుడు.

మొదటి ఐదు నెలలు సమస్య లేదు. కంటి ఆపరేషన్ కోసం వచ్చిన నాన్నమ్మ ఇంట్లోనే ఉంది. నాన్న స్టీల్ ప్లాంటులో వైర్ రాడ్ మిల్లు. ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు తిరుగుతూ ఉంటాయి. అమ్మ గాజువాకలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు, పొద్దున్న 8:15కి బయల్దేరితే సాయంత్రం 4:30కి ఇల్లు. నేను 7:30కి కాలేజీ బస్సెక్కుతాను. సంక్రాంతి అయ్యాక నాన్నమ్మ చీపురుపల్లి దగ్గర మా ఊరికి వెళ్ళిపోయింది. అప్పుడు తెలిసింది, మా ఇల్లు పగటిపూట ఎంత ఖాళీగా ఉంటుందో. నాన్న సీ షిఫ్టు వారమైతే పగలు ఇంట్లో పడుకుంటాడు, గొడవ లేదు. బీ షిఫ్టు వారమైతే మధ్యాహ్నం ఒంటి గంట నుంచి అమ్మ వచ్చేదాకా మూడున్నర గంటలు. ఏ షిఫ్టు వారమైతే 8:15 నుంచి నాన్న వచ్చే మూడింటి దాకా.

అప్పటికి వసారాలో పెట్టాం. గ్రిల్లు ఉంది, నీళ్ళ గిన్నె ఉంది, గోనె పట్టా ఉంది. జనవరిలో హాయిగానే ఉండేవాడు. కానీ మా వసారా పడమటి ముఖం. ఫిబ్రవరి చివరికొచ్చేసరికి మధ్యాహ్నం మూడింటికి ఆ గచ్చు మీద అరచెయ్యి ఆనించి ఉంచలేకపోయాం. కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి వగరుస్తుంది, ఆ తడి ఆవిరైతేనే దాని ఒళ్ళు చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఆవిరి కావడం తగ్గుతుందని మనం థర్మోడైనమిక్స్‌లో చదివాం. మన ఊరి ఉక్కపోత సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. అంటే మార్చి దాటాక వసారా కుదరదు. ఇంట్లోకి రావాలి, లేదా ఊరికి వెళ్ళాలి.

ఊరికి పంపించేయమని నాన్నమ్మ ఎప్పటినుంచో అంటోంది. "కుక్క గుమ్మం బయటుండాల, మడిసి లోపలుండాల. మీరేటి, కుక్కకి ఇల్లు రాసిచ్చేత్తన్నారు? నా కాడకి ఒగ్గీండి, నాను సూసుకుంతాను." ఆవిడ చూసుకుంటుంది, అందులో అనుమానం లేదు. కానీ ఆ ఇల్లు రోడ్డు మీదే. పగలూ రాత్రీ లారీలు తిరుగుతాయి. నాకు ఊహ తెలిశాక ఆ గుమ్మంలో రెండు కుక్కలు పెరిగాయి, రెండూ ఆ రోడ్డు మీదే పోయాయి. ఈ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. ఉగాది లోపల తేల్చాలి అని మాత్రం అమ్మ అంది.

అసలు "వదిలేయొచ్చా" అన్నది ఒక ప్రశ్న కాదు, మూడు ప్రశ్నలు. వాడి వల్ల ఇంటికి ఏమవుతుంది? ఇంటి వల్ల వాడికి ఏమవుతుంది? ఒంటరిగా ఉన్నప్పుడు వాడి మనసు ఎలా ఉంటుంది? అందరూ మొదటిదే అడుగుతారు. సోఫా కొరుకుతాడా, చెప్పులు నములుతాడా అని. నిజానికి సోఫా కొత్తది కొనుక్కోవచ్చు. ఎక్కువ చూసుకోవాల్సింది మిగతా రెండూ.

రెండో ప్రశ్నకి జవాబు వెతకడానికి ఒక ఆదివారం నేల మీద బోర్లా పడుకుని ఇల్లంతా పాకాను. వాడి కళ్ళెత్తు నుంచి ఇల్లు ఎలా ఉంటుందో చూద్దామని. అమ్మ చూసి "రిజల్ట్స్ వచ్చాయా ఏంటి?" అంది. పాకితే కనిపించినవి ఇవి: బీరువా కింద దొర్లిపోయిన కలరా ఉండ, దేవుడి గూట్లో కింది అరలో హారతి కర్పూరం, సింకు కింద మూత వదులైన ఫినాయిల్, అటక మెట్ల దగ్గర ఎప్పుడో పెట్టిన ఎలుకల మందు, కూలర్ వెనక వేలాడే వైరు. వీటిలో నోట్లో పెట్టుకోదగ్గది ఒక్కటీ లేదు. వంటింట్లో ఇంకా ఉన్నాయి. మనం పాయసంలో వేసుకునే కిస్‌మిస్‌లు కుక్క కిడ్నీలని పాడు చేయగలవు. చాక్లెట్‌లో ఉండే థియోబ్రోమిన్‌ని అది మనంత తొందరగా అరిగించుకోలేదు. ఉల్లిపాయ, వెల్లుల్లి దాని ఎర్ర రక్తకణాలని దెబ్బ తీస్తాయి. షుగర్ లేని చూయింగ్ గమ్‌లలో వాడే జైలిటాల్ ఇంకా ప్రమాదం. సాయంత్రానికి ఇవన్నీ పై అరలకి ఎక్కాయి. వెళ్ళేముందు సిలిండర్ రెగ్యులేటర్ కట్టేయడం కూడా ఆ రోజే నియమం అయింది. అది మనుషులకీ మంచిదే.

ఇక ఎన్నో నెల నుంచి అన్నది. ఇంటర్నెట్‌లో చూస్తే ఒకరు సంవత్సరం అంటారు, ఇంకొకరు రెండేళ్ళు అంటారు. వయసుకీ దీనికీ సంబంధం లేకపోలేదు. కుక్కపిల్లకి 28 పాలపళ్ళు. అవి ఊడి 42 పళ్ళు వచ్చేసరికి ఆరేడు నెలలు పడుతుంది. ఆ మధ్యలో చిగుళ్ళ దురదకి కనిపించిందల్లా కొరుకుతుంది, అది అల్లరి కాదు. ఉచ్చ ఆపుకునే శక్తి కూడా నెలలతో పాటే పెరుగుతుంది. కాబట్టి ఆరు నెలల లోపు ఇల్లంతా వదిలేసి వెళ్ళి, వచ్చాక తిట్టడం అన్యాయం. అయితే ఆరు నెలలు దాటితే అయిపోయిందా అంటే, అసలు కథ అక్కడే మొదలవుతుంది.

నాన్న లెక్క వేరు. "వయసు కాదురా. మా పల్పిట్‌లో ఎలా చేస్తామో అలా చెయ్యాలి" అన్నాడు. పల్పిట్ అంటే రోలింగ్ మిల్లులో మిషన్లని నడిపించే అద్దాల గది. కొత్తగా వచ్చినవాడు మొదట ఊరికే నిలబడి చూస్తాడు. తర్వాత సీనియర్ భుజం పక్కన ఉండగా చెయ్యి వేస్తాడు. తర్వాత సీనియర్ వెనక్కి జరిగి కూర్చుంటాడు. ఆ తర్వాత టీకని లేచి వెళ్తాడు, ఐదు నిమిషాల్లో వస్తాడు. ఆ ఐదు పదవుతుంది. ఎప్పుడో ఒక సీ షిఫ్టులో వాడొక్కడే కూర్చుంటాడు.

"ఎన్ని రోజులకి ఇస్తారు నాన్నా సీటు?"

"రోజుల లెక్క లేదు. వాడేం చేస్తున్నాడో అని నేను తిరిగి చూడటం మర్చిపోయిన రోజున వాడికి వచ్చేసినట్టు."

నా ఇంజనీరింగ్‌కి ఈ కొలత నచ్చలేదు. మర్చిపోవడాన్ని ఏ యూనిట్లలో కొలుస్తాం? కానీ పద్ధతి నచ్చింది. పాత ఫోన్ ఒకటి టీవీ పక్కన పెట్టి రికార్డింగ్ మొదలుపెట్టాం. మొదటి రోజు వంటగది, గదుల తలుపులు మూసి, హాలు ఒక్కటే ఇచ్చి, నేను గేటు దాకా వెళ్ళి ఐదు నిమిషాలకి వచ్చాను. తర్వాత పది, ఇరవై, నలభై. ఒక నోటుబుక్కులో రాసేవాణ్ణి: ఎంతసేపు, ఏ గది, అంతకుముందు నడక ఎంత, వీడియోలో ఏం చేశాడు. ఒంటరితనం పడని కుక్కలు సాధారణంగా మనం వెళ్ళిన మొదటి అరగంటలోనే బయటపడతాయి. తలుపు గీరుతాయి, ఏడుస్తాయి, చొంగ కారుస్తాయి, తిరిగిన చోటే తిరుగుతాయి. అలాంటిదానికి ఇల్లంతా ఇచ్చినా లాభం లేదు, భయపడే చోటు పెద్దదవుతుంది అంతే. అది విడిగా నేర్పాల్సిన విషయం, అవసరమైతే డాక్టరుకి చూపించాల్సిన విషయం. అదృష్టం బాగుండి మా రాయుడు తలుపు దగ్గర రెండు నిమిషాలు కూర్చుని, ఒక నిట్టూర్పు విడిచి, సోఫా పక్కన చతికిలబడేవాడు.

నోటుబుక్కులో ఒక సంగతి తొందరగానే తేలింది. పొద్దున్న ఉక్కునగరం గేటు దాకా అరగంట పైన నడిచిన రోజు నిద్ర. నడక ఎగ్గొట్టిన రోజు సోఫా కవరు అంచు. అంటే చాలావరకు వాడి బుద్ధి మన కాళ్ళలో ఉంది.

ఫిబ్రవరిలో గ్రాఫ్ వెనక్కి తిరిగింది. ఎనిమిది నెలలు నిండాయి. కూర్చో అంటే కూర్చునేవాడు, అమ్మ చెప్తే కిటికీ వైపు చూడటం మొదలుపెట్టాడు. అదే పక్కింటి పిన్నిగారు చెప్తే ఠక్కున కూర్చుంటున్నాడు! అమ్మకి ఒళ్ళు మండింది. అప్పుడు చదివాను. 2020లో న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వాళ్ళు బయాలజీ లెటర్స్ అనే పత్రికలో ఒక పరిశోధన అచ్చు వేశారు. గైడ్ డాగ్స్ కోసం పెంచుతున్న కుక్కల్ని ఐదు నెలలప్పుడు, మళ్ళీ ఎనిమిది నెలలప్పుడు పరీక్షించారు. ఎనిమిది నెలల వయసులో అవి కూర్చో అన్న మాటని పెంచేవాళ్ళు చెప్తే తక్కువ వింటున్నాయి, కొత్తవాళ్ళు చెప్తే మాత్రం వింటున్నాయి. అంటే టీనేజ్. ఇది కొన్నాళ్ళకి పోతుందని కూడా వాళ్ళే రాశారు. నేను ఇది చదివి వినిపిస్తే నాన్న పేపర్ లోంచి తల ఎత్తకుండా "ఇంటర్ సెకండియర్‌లో మనింట్లోనూ ఒకడుండేవాడు" అన్నాడు. దానికి సమాధానం నా దగ్గర లేదు. మళ్ళీ హాలు ఒక్కటే, మళ్ళీ ఇరవై నిమిషాలు. వెనక్కి వెళ్ళడం శిక్ష కాదు, ఇంకా టైముంది అని అర్థం.

మార్చి మొదటి వారంలో పాల గిన్నె గొడవ జరిగింది. ఆ రోజు వంటగది కూడా ఇచ్చాం. సాయంత్రం నాన్న ముందు వచ్చాడు. వంటింటి గట్టు మీద గిన్నె బోర్లా పడి ఉంది, పాలు నేలంతా, రాయుడు పక్కనే ఉన్నాడు. నాన్న గట్టిగా అరిచాడు. వాడు చెవులు వెనక్కి పెట్టి, తోక ముడిచి, కళ్ళు పక్కకి తిప్పి, నేలకి అంటుకుపోయాడు. అమ్మ వచ్చాక నాన్న చూపించాడు. "చూడు మొహం. తప్పు చేశానని వాడే ఒప్పుకుంటున్నాడు. ఇక ఊరికే పంపిద్దాం."

రాత్రి వీడియో పెట్టాం. ఆ ఫోన్‌కి వంటింటి కిటికీ, సగం గట్టు కనిపిస్తాయి. 1:52కి కిటికీ ఊచల మధ్య నుంచి ఒక నల్ల పిల్లి దిగింది, గిన్నె తోసింది, వచ్చిన దారినే పోయింది. చప్పుడుకి రాయుడు లేచి వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. కాసేపు చూశాడు. కిందపడిన పాలు నాకాడు, అది నిజం. ఆ పరిస్థితిలో మనమైనా చేసే పనే. ఆపైన అక్కడే పడుకున్నాడు. నాన్న వీడియో రెండోసారి వెనక్కి తిప్పి చూశాడు. ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న ఉడికించిన గుడ్డు ఒకటి రాయుడి గిన్నెలో కనిపించింది. ఎవరు పెట్టారని ఎవరూ అడగలేదు.

ఆ మొహం సంగతికి కూడా ఒక ప్రయోగం ఉంది. 2009లో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 14 పెంపుడు కుక్కలతో చేసింది. తినొద్దని చెప్పిన తిండిని కుక్క తిన్నదో లేదో అన్నదానికీ, యజమానికి ఏమని చెప్పారన్నదానికీ ముడి తెంచి చూసింది. తప్పు చేసినట్టుండే ఆ చూపు కుక్క చేసిన పనిని బట్టి రాలేదు, యజమాని తిట్టడాన్ని బట్టి వచ్చింది. ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్న కుక్కల్లోనే అది మరీ ఎక్కువగా కనిపించింది. మనం ఒప్పుకోలు అనుకుంటున్నది భయం.

మన వాళ్ళకి ఇది 2009 దాకా తెలియదని కాదు. నన్నయ ఆదిపర్వం మొదట్లోనే సరమ కథ ఉంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోట దేవతల కుక్క సరమ కొడుకు ఆడుకుంటూ తిరుగుతున్నాడు. జనమేజయుడి తమ్ముళ్ళు వాణ్ణి కొట్టారు. సంస్కృత మూలంలో సరమ వచ్చి అడిగేది ఒక్కటే: నా బిడ్డ హవిస్సు ముట్టలేదు, కనీసం దాని వైపు చూడలేదు, ఎందుకు కొట్టారు? ఎవరి దగ్గరా జవాబు లేదు. అనుకోని భయం వచ్చి పడుతుందని ఆమె శపించింది. రాజు దాన్ని తప్పించుకోవడానికి పురోహితుణ్ణి వెతుక్కుంటూ తిరగాల్సి వచ్చింది. మహాభారతం లాంటి గ్రంథం ముందు భాగంలోనే, విచారించకుండా కొట్టిన కుక్కపిల్ల తరఫున ఒక తల్లి నిలబడి రాజుని ప్రశ్నించడం ఉంది. మా ఇంట్లో సరమ పాత్ర పాత ఫోన్ వేసింది.

ఇక బోను సంగతి. యూట్యూబ్‌లో విదేశాల వాళ్ళు కుక్కని ఇనప బోనులో పెట్టి నేర్పిస్తారు. అలవాటు పడితే అది కుక్కకి గూడు లాంటిదే, అందులో తప్పు లేదు. కానీ కరెంటు పోతే ఫ్యాన్ ఆగిపోయే మన ఇళ్ళల్లో, మనిషి లేనప్పుడు గంటల తరబడి గడియ పెట్టడానికి అమ్మ ఒప్పుకోలేదు. అమ్మ చెప్పిన కారణం ఇంకోటి కూడా ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి కమ్మేసి 12 మంది చనిపోయారు. పశువులు కూడా చనిపోయాయి. ఆ ఆవిరి గాలి కంటే బరువు, నేలబారున పాకుతుంది. ఆ ఫొటోలు మన ఊళ్ళో ఎవరూ మర్చిపోలేదు. పరిశ్రమల మధ్య ఉండే ఊరు మనది, పైగా 2014లో హుద్‌హుద్‌ని చూసిన ఊరు. కాబట్టి ఇల్లు వదిలి వెళ్ళే ముందు ఆలోచించాల్సింది కుక్క ఏం చేస్తుందని మాత్రమే కాదు, ఏదైనా అయితే దాన్ని బయటికి ఎవరు తీస్తారని కూడా. అందుకే ఒక తాళంచెవి పక్కింటి పిన్నిగారి దగ్గర పెట్టాం. "ఇంట్లో కుక్క ఉంది" అని నాలుగు నంబర్లతో ఒక కాగితం తలుపు మీద అంటించాం. రేబిస్ టీకా కార్డు తలుపు వెనక మేకుకి తగిలించాం. కుక్కని ఎవరు పట్టుకుని బయటికి తీసినా ముందు అడిగేది అదే.

మార్చి రెండో వారం నాన్నకి ఏ షిఫ్టు పడింది. అంటే 8:15 నుంచి మూడు దాకా. హాలు, వంటగది, మా గది ఇచ్చాం. వంటింటి కిటికీకి దోమతెర జాలీ పడింది. సోమవారం వీడియోలో రాయుడు మొత్తం ఐదు సార్లు లేచాడు. మంగళవారం నాలుగు. బుధవారం కొరియర్ అబ్బాయి బెల్లు కొడితే రెండు సార్లు మొరిగి పడుకున్నాడు. గురువారం చూడబోతే ఫోన్‌లో ఛార్జింగ్ లేక రికార్డవలేదు. ఇల్లు ఇల్లులాగే ఉంది. శుక్రవారం ఫోన్ పెట్టడం ఎవరికీ గుర్తు రాలేదు.

శనివారం రాత్రి అన్నం తింటూ అమ్మ అంది, "ఇవాళ రెండో పీరియడ్ అయ్యాక గుర్తొచ్చింది, పొద్దున్నించీ వీడి గురించి ఒక్కసారి కూడా అనుకోలేదని."

నాన్న తల ఎత్తి నా వైపు చూశాడు. "రాసుకోరా నోటుబుక్కులో."

రాసుకున్నాను. యూనిట్లు మాత్రం వెయ్యలేదు.

ఇప్పుడు ఉన్న నియమాలు ఇవి. పూజ గది, అమ్మా నాన్నల గది ఎప్పుడూ మూసే ఉంటాయి. ఇల్లంతా అంటే ప్రతి అడుగూ అని కాదు, ఆ రెండు గదులు లేకపోతే వాడికి పోయేదేమీ లేదు. ఆరుముప్పావు గంటలకి మించి ఒంటరిగా ఉంచం. నడక ఎగ్గొట్టిన రోజు హాలు మాత్రమే. ఉరుములు మెరుపుల రోజు, పెళ్ళి బాణాసంచా ఉన్న రోజు, దీపావళికి అటూ ఇటూ వారం, ఎవరో ఒకరు ఇంట్లో ఉంటారు. మొన్న ఏప్రిల్‌లో గాలివాన వచ్చిన సాయంత్రం వాడు బాత్రూమ్ మూల నుంచి గంటసేపు కదల్లేదు. అలాంటప్పుడు ఇల్లంతా నీదే అని వదిలేసి పోతే అది వాడికి స్వేచ్ఛ కాదు.

మన క్లబ్బులో ఇద్దరు ముగ్గురు కుక్కపిల్లని తెచ్చుకోవాలని అనుకుంటున్నారు, నన్ను అడిగారు కూడా. ఎన్ని నెలలకి వదిలేయొచ్చు అని. నెలలు నేను చెప్పలేను. నేల మీద ఒకసారి పాకి చూడండి. ఐదు నిమిషాలతో మొదలుపెట్టండి. వెనక్కి వెళ్ళాల్సొస్తే సిగ్గుపడకండి. ఏదైనా పగిలితే ముందు వీడియో చూడండి, తర్వాత అరవండి. అప్పటికి అరవాలనిపించకపోవచ్చు.

నాన్నమ్మ ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ "కుక్కకి ఇల్లిచ్చీసినారు, రేపు పాస్‌బుక్కు కూడా ఇచ్చీయండి" అంటుంది. కాకపోతే ఈ మధ్య పెట్టేసే ముందు ఇంకో మాట కలుపుతోంది. "ఎండలు ముదురుతన్నాయి. రాయుడికి ఫేను ఏసి ఎల్తన్నారా?"